నమ్మినబంటు: మెకంజీ కార్యాలయంలో విశ్వాసం – ఒక నైతిక పరిశీలన

మెకంజీ కైఫీయత్తుల గురించి తెలుగులో జరిగిన చర్చ ప్రధానంగా వాటిలోని సమాచారం ఎంతవరకు నమ్మదగినది అన్న ప్రశ్న చుట్టూ సాగింది. వంశావళులు శాసనాలతో సరిపోతున్నాయా, శకసంవత్సరాలు కుదురుతున్నాయా, గ్రామనామాల వెనుక చెప్పే కథలకు చారిత్రకమైన విలువ ఉందా అన్న విషయాలను పరిశోధకులు పరీక్షిస్తూ వచ్చారు. ఆ పరీక్ష అవసరమైనదే. అయితే ఆ ప్రశ్న వెనుక నీతికి సంబంధించిన మరొక ప్రశ్న ఉంది. ఒక గ్రామ కరణం తన ఇంటి పెట్టెలోని దండకవిలెను పరాయి మనిషి ముందు విప్పాడు. ఆ మనిషి తాను రాసుకున్నదానిని ఎంతో దూరంలో ఉన్న మరొక తెలుగువానికి పంపాడు. అతడు దానిని ఆ భాష తెలియని ఒక సైనికాధికారికి వివరించాడు. ఇదంతా జరగడానికి ఎవరు ఎవరిని నమ్మవలసి వచ్చింది? ఆ నమ్మకం వల్ల ఎవరి మీద ఏ బాధ్యత పడింది?

ఉద్యోగ జీవితంలో సహోద్యోగుల మధ్య, అలాగే సంస్థకూ దాని పనితో మంచిచెడులు ముడిపడిన ప్రజలకూ మధ్య ఉండవలసిన విశ్వాసం గురించి నేటి నిర్వహణశాస్త్ర రచనలు విస్తారంగా మాట్లాడుతున్నాయి. వాటిలో విశ్వాసం సాధారణంగా ఒక పనిముట్టు. అది ఉంటే పని త్వరగా సాగుతుంది, లేకపోతే ఖర్చు పెరుగుతుంది. ఈ దృష్టికి ద్రోహం జరిగినప్పుడు మాత్రమే సమస్య కనబడుతుంది. నమ్మకం చక్కగా ఫలించిన చోట కూడా అన్యాయానికి తావుండవచ్చునన్న సంగతి దానికి అందదు. మెకంజీ కార్యాలయం ఫలితాన్ని బట్టి చూస్తే విజయవంతమైన కార్యాలయం. అందులో ద్రోహి అనదగినవాడు ఎవడూ లేడు. అయినా దాని కథ చివరికి వచ్చేసరికి, ఇరవై ఏళ్ల పాటు నమ్మదగినవాడిగా నిలిచిన వ్యక్తి అదే పనికి తగడని తీర్పు పొందాడు. ఆ తీర్పు ఎలా సాధ్యమైందన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

మాట వెనుక తీరు

‘నమ్మకాన్ని నిర్మించడం’ అన్న ప్రయోగం తెలుగులో ఇటీవలిది. పత్రికల అనువాదభాష ద్వారా వచ్చింది. తెలుగు నుడికారంలో నమ్మకం ‘కుదురుతుంది’. అదీ ఒకరికి కుదురుతుంది. నమ్మేవాడు ఈ వాక్యంలో కర్త కాడు, చతుర్థీ విభక్తిలో నిలబడి తనకు జరిగినదానిని చెప్పేవాడు. నీళ్లు తేరుకున్నట్లు, గోడ కుదుట పడినట్లు నమ్మకం కాలక్రమంలో తనంత తాను నిలకడకు వస్తుంది. నమ్మబడినవాడి పక్షాన మాత్రం క్రియలు చురుకైనవి: నమ్మకాన్ని చూరగొంటాడు, నిలబెట్టుకుంటాడు, లేదా వమ్ము చేస్తాడు. అంటే భాషలో శ్రమ అంతా నమ్మబడేవాడిది; నమ్మేవాడు కేవలం వేచి చూసేవాడు. నమ్మేవాడికి కూడా కర్తవ్యం ఉంటుందన్న భావానికి తెలుగులో స్థిరపడిన క్రియ లేదు. ఇది యాదృచ్ఛికం కాకపోవచ్చు.

‘నమ్మినబంటు’ అనే సమాసం ఇంకా ఆసక్తికరమైనది. ధాతుజ విశేషణానికి తెలుగులో ఒక స్వభావం ఉంది. అది తన విశేష్యం క్రియకు కర్తో కర్మో చెప్పదు. ‘నమ్మిన మనిషి’ అంటే ఇతరులను నమ్మిన మనిషి కావచ్చు, ఇతరులు నమ్మిన మనిషీ కావచ్చు. కనుక నమ్మినబంటు ప్రభువును నమ్ముకున్న బంటా, ప్రభువు నమ్మిన బంటా అన్నది వ్యాకరణం తేల్చదు. వాడుకలో రెండు అర్థాలూ కలిసిపోయాయి. ఆ కలయికలో ఒక సామాజిక సత్యం దాగి ఉంది. బంటు విషయంలో నమ్మడమూ నమ్మబడడమూ ఒకే స్థితిగా భావింపబడ్డాయి. ‘నమ్మినదొర’ అన్న మాట మాత్రం ఆ బలంతో జాతీయంగా పాతుకోలేదు. విశ్వాసపాత్రుడు అన్నప్పుడూ పాత్ర కిందివాడే. ‘విశ్వాసం’ అన్న పదాన్ని తెలుగువారు కుక్క గుణంగా కూడా చెప్పుకొంటారన్నది ఈ సందర్భంలో గుర్తుకు రాక తప్పదు.

తత్త్వశాస్త్రంలో ఈ అంశాన్ని ఆధునిక కాలంలో స్పష్టపరచిన రచన అనెట్ బేయర్ 1986లో ప్రకటించిన వ్యాసం. ఆమె ఆధారపడడాన్నీ నమ్మడాన్నీ వేరు చేసింది. కాంట్ రోజూ ఒకే వేళకు నడకకు వెళ్లేవాడు గనుక ఇరుగుపొరుగువారు అతనిని చూసి గడియారం సరిచేసుకునేవారన్న ప్రసిద్ధ కథను తీసుకొని, ఒకరోజు అతడు రాకపోతే వారికి కలిగేది నిరాశే గాని ద్రోహం జరిగిందన్న బాధ కాదని ఆమె చూపింది. నమ్మకంలో మనకు విలువైనదేదో ఎదుటివారి చేతిలో పెడతాం. వారు తలచుకుంటే హాని చేయగలరని తెలిసీ, చేయరన్న సద్భావం మీద నిలబడతాం. బేయర్ ఇంకొక మెట్టు పైకి వెళ్లి ఒక పరీక్షను ప్రతిపాదించింది. ఒక విశ్వాస సంబంధం నైతికంగా సరైనదా అని తెలుసుకోవాలంటే, ఇరుపక్షాలూ ఒకరినొకరు ఏ కారణంతో నమ్ముతున్నారో ఆ కారణాలను బయటపెట్టి చూడాలి. బయటపెట్టిన తరువాత కూడా సంబంధం నిలిస్తే అది సరైనది. కారణం తెలిసిన క్షణాన కూలిపోయేదైతే, అప్పటిదాకా అది ఎంత సాఫీగా సాగినా దానిలో లోపం ఉన్నట్లే.

ఈ పరీక్షను మెకంజీ కార్యాలయంలోని సంబంధాలకు అన్వయించి చూడవచ్చు.

కావలి సోదరులు

కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లాండులోని లూయిస్ దీవిలో, స్టోర్నవేలో జన్మించాడు. 1783లో మద్రాసు చేరి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా పనిచేశాడు. 1799లో శ్రీరంగపట్టణం పతనమైన తరువాత మైసూరు సర్వే బాధ్యత అతనికి అప్పగించారు. 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో మరణించేనాటికి అతని వద్ద చేరిన తాళపత్రాలు, శాసనాల నకళ్లు, నాణేలు, చిత్రాలు, గ్రామ కైఫీయత్తులు దక్షిణ భారతదేశ చరిత్రకు అంతకుముందు లేనంత పెద్ద ఆధారభాండారం. కాని వీటిలో తెలుగు, కన్నడ, తమిళ, సంస్కృత రచనలను స్వయంగా చదివి అర్థం చేసుకోగల భాషాజ్ఞానం అతనికి లేదు. ఆ పని ఏలూరు ప్రాంతపు నియోగి కుటుంబానికి చెందిన కావలి సోదరుల మీద పడింది. పెద్దవాడైన వెంకట బొర్రయ్య 1790ల చివరి భాగంలో మెకంజీ వద్ద చేరాడు. 1803లో చిన్న వయసులోనే మరణించాడు. తరువాత తమ్ముడు వెంకట లక్ష్మయ్య ఆ స్థానంలోకి వచ్చాడు. మరొక తమ్ముడు వెంకట రామస్వామి కూడా ఈ పనిలో ఉన్నాడు.

బొర్రయ్య పట్ల మెకంజీకి ఉన్న భావం కేవలం యజమాని కృతజ్ఞత కాదు. 1817లో సింహళపు ప్రధాన న్యాయమూర్తి అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో, భారతీయ విజ్ఞానంలోకి తనకు ద్వారం తెరిచినవాడు బొర్రయ్యేనని అతడు చెప్పుకున్నాడు. బొర్రయ్య మరణించి అప్పటికి 14 ఏళ్లు. బ్రతికి ఉన్న ఉద్యోగిని పొగడడంలో ప్రయోజనం ఉండవచ్చు; చనిపోయినవాడిని తలచుకోవడంలో ఏ ప్రయోజనమూ లేదు. ఇంకొక ఆధారం కూడా ఉంది. ఏషియాటిక్ రిసర్చెస్ 9వ సంపుటంలో 1807లో వెలువడిన జైనుల వృత్తాంతం బొర్రయ్య అనువాదంగా, అతని పేరుతోనే అచ్చయింది. ఆ రోజుల్లో మున్షీల, పండితుల శ్రమ పేరు లేకుండా అధికారుల రచనల్లో కలిసిపోవడం మామూలు. ఆ నేపథ్యంలో ఇది చిన్న విషయం కాదు.

మెకంజీ–బొర్రయ్య సంబంధానికి బేయర్ పరీక్ష పెడితే అది చాలావరకు నిలుస్తుందనే చెప్పాలి. మెకంజీ బొర్రయ్యను నమ్మడానికి కారణం అతని భాషాపాండిత్యం, శాసనపఠన సామర్థ్యం, మనుషులను ఒప్పించగల నేర్పు. బొర్రయ్య మెకంజీని నమ్మడానికి కారణం జీతమూ, దానితోపాటు తన విద్యకు మరెక్కడా దొరకని విస్తృతరంగమూ. ఈ కారణాలు రెండో పక్షానికి తెలిసినా సంబంధం చెడదు. ఫిలిప్ వాగనర్ 2003లో ప్రకటించిన వ్యాసంలో చూపినట్లు, ఈ నియోగి ఉద్యోగులు మెకంజీ వద్దకు వట్టి చేతులతో రాలేదు. కరణీకంలోనూ ఆస్థాన కార్యాలయాల్లోనూ తరతరాలుగా పెంపొందిన లేఖన సంస్కృతి వారితోపాటు వచ్చింది. నికొలస్ డర్క్స్ వంటివారు ఇదే కార్యాలయంలో వలసాధికారం స్థానిక జ్ఞానాన్ని తనలో కలుపుకొని, దాని కర్తలను అదృశ్యం చేసిన తీరును చూశారు. ఈ రెండు వాదాలలో ఒకదానిని ఎంచుకోవాలన్న ఒత్తిడి పరిశోధనల్లో తరచు కనిపిస్తుంది. ఆ ఒత్తిడి అనవసరం. నిజమైన విశ్వాసం ఉన్న సంబంధమే ఆధిపత్య సంబంధమూ కావచ్చు. నిజానికి విశ్వాసపు నైతిక సమస్యలు సమానుల మధ్య కంటే అక్కడే బరువైనవి.

కరణం ముందు

కార్యాలయం లోపలి సంబంధం కంటే బయటి సంబంధం క్లిష్టమైనది. లక్ష్మయ్య పర్యవేక్షణలో పనిచేసిన సహాయకులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు రాయించారు. దత్తమండలాలను నిజాం 1800లో కంపెనీకి అప్పగించాడు. 1807 వరకు అక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలాలు కొలిపించి శిస్తు నిర్ణయించాడు. ఆ తరువాత కొద్దికాలానికే మెకంజీ సర్వే ఆ జిల్లాల్లోకి వచ్చింది. గ్రామస్థుల దృష్టిలో సర్వే అంటే అప్పటికే ఒక అర్థం ఏర్పడి ఉంది: గొలుసు, కొలత, శిస్తు. అటువంటి ఊరికి మళ్లీ కంపెనీ మనుషులు వచ్చి, ఈ గుడి ఎవరు కట్టించారు, ఈ మాన్యం ఎవరు ఇచ్చారు, ఏ రాజు కాలంలో ఎన్ని వరహాల భూమి ఈ దేవుడికి చెల్లుతూ వచ్చింది అని అడిగితే, దానిని చరిత్ర మీది ఆసక్తిగా ఎవరు తీసుకుంటారు? సహాయకులు పంపిన నివేదికల్లో జనం అనుమానాల ప్రస్తావన, వారిని అనునయించవలసి వచ్చిన అవసరం కనబడడంలో ఆశ్చర్యం లేదు.

కరణానికి దండకవిలె పాతకాగితాల కట్ట మాత్రమే కాదు. గ్రామంలో ఎవరి హక్కు ఏమిటో అది చెబుతుంది. అది తన దగ్గర ఉండడం వల్లనే కరణం కరణమయ్యాడు. దానిని చూపడం అంటే హక్కుకు సాక్ష్యం కల్పించుకోవడమూ అవుతుంది, దానిని ప్రమాదంలో పడేయడమూ అవుతుంది. మాన్యం గురించి రాయిస్తే రేపు దానిని తీసివేయవచ్చు. రాయించకపోతే రేపు అది లేదనవచ్చు. ఈ రెండు భయాల మధ్య కరణం ఏం చేశాడో కైఫీయత్తులే చెబుతాయి. మాన్యాల వివరాలు వాటిలో పుష్కలంగా ఉన్నాయి. దాత పేరు, రాజు పేరు, సందర్భం, కొన్నిచోట్ల మధ్యలో ఎవరు తీసివేశారో, ఎవరు మళ్లీ ఇచ్చారో కూడా ఉంది. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా ప్రచురించిన ఆ జిల్లా కైఫీయత్తులను ఈ దృష్టితో చదివితే, అనేకచోట్ల కథనం చరిత్ర చెబుతున్నట్లే ఉంటూ ఒక అర్జీలా కూడా వినిపిస్తుంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో వెలువరించిన గ్రంథంలో కరణాల రచనాసంస్కృతికి తనదైన చరిత్రదృష్టి ఉందని వాదించారు. ఆ వాదానికి ఒక అనుబంధం చేర్చవచ్చు. కైఫీయత్తులలోని చరిత్రదృష్టి, నమ్మాలా వద్దా అన్న సందిగ్ధంలో ఉన్న మనిషి చెప్పిన చరిత్రదృష్టి కూడా.

ఇక సహాయకుడి మాట. ఇది పన్ను కోసం కాదు, దొరగారికి పూర్వకథల మీద ఉన్న అభిమానం కొద్దీ అడుగుతున్నాం అన్న భావంలో అతడు కరణానికి భరోసా ఇచ్చి ఉంటాడు. మెకంజీ విషయంలో ఆ మాట అబద్ధం కాదు. సేకరణలో పెద్ద భాగం అతని సొంత ఆసక్తితో, సొంత ఖర్చుతో జరిగింది. కాని మెకంజీ వట్టి మెకంజీ కాడు, కంపెనీ సర్వేయరు. అతని కాగితాలు రేపు ఎవరి చేతికి వెళతాయో అతని అధీనంలో లేదు. ఇక లక్ష్మయ్య అధీనంలో గాని, అతడు పంపిన సహాయకుడి అధీనంలో గాని అసలే లేదు. మెకంజీ మరణానంతరం ప్రభుత్వమే ఆ సేకరణను అతని భార్య నుండి కొన్నది. కైఫీయత్తులను ఆ తరువాత ఎవరైనా మాన్యాల విచారణకు ఉపయోగించారా లేదా అన్నది వేరే ప్రశ్న. జవాబు ఏదైనా ఇక్కడి సమస్య మారదు. తన అధీనంలో లేని భవిష్యత్తు గురించి ఇచ్చిన భరోసా, అది అబద్ధం కాకపోయినా, ఇవ్వదగినదేనా?

ఈ ప్రశ్నకు ‘కాదు’ అని వెంటనే చెప్పడం తేలిక. అయితే సంస్థలలో పనిచేసే ప్రతి మధ్యవర్తీ ఇటువంటి భరోసానే ఇస్తాడు. ఆసుపత్రి గుమాస్తా రోగికి, బ్యాంకు ఉద్యోగి ఖాతాదారుకు, జానపద సాహిత్యం సేకరించే పరిశోధకుడు పాట పాడిన ముసలమ్మకు చెప్పే మాటల్లో తమ చేతిలో లేనిదానిని చేతిలో ఉన్నట్లు చెప్పే అంశం ఎంతో కొంత ఉంటుంది. దానిని పూర్తిగా నిషేధిస్తే ఏ పనీ సాగదు. మధ్యవర్తి బాధ్యతను అందుచేత వేరే చోట వెతకాలి. భరోసా ఇచ్చిన తరువాత దానికి భంగం కలిగే పరిస్థితి వస్తే, తన పై అధికారి ముందు ఎవరి పక్షాన మాట్లాడతాడు? కరణం నమ్మింది కంపెనీని కాదు. తన భాష మాట్లాడి, తన అరుగు మీద కూర్చున్న మనిషిని. ఆ నమ్మకం ఆ మనిషి మీద ఒక పక్షాన్ని మోపుతుంది. బేయర్ పరీక్ష ఇక్కడ బొర్రయ్య విషయంలో పనిచేసినంత చక్కగా పనిచేయదు. కరణం నమ్మడానికి గల కారణం, అంటే ఈయన మన మనిషి అన్న భావం, మెకంజీకి తెలిసే ఉండాలి; సహాయకులను పంపడంలోని ప్రయోజనమే అది. కార్యాలయం తనను నమ్మడానికి గల కారణం, అంటే వివరాలు వేరే దారిన దొరకకపోవడం, కరణానికి ఎంతవరకు తెలుసు? ఒక పక్షం కారణం రెండో పక్షానికి తెలిసి, రెండో పక్షం కారణం మొదటి పక్షానికి తెలియనప్పుడు సంబంధం ఒరిగి ఉన్నట్లు లెక్క.

లెక్క చెప్పడం

సహాయకులు తమ ప్రయాణాల నివేదికలను ఎప్పటికప్పుడు పంపవలసి ఉండేది. ఏ తేదీన ఏ ఊరు చేరారు, ఎవరిని కలిశారు, ఏ గ్రంథం దొరికింది, ఏది దొరకలేదు, ఎందుకు దొరకలేదు అన్నవి అందులో ఉంటాయి. ఇవి పర్యవేక్షణ పత్రాలు. నమ్మకం చాలక పుట్టినవే అనుకోవచ్చు. ఒనోరా ఓనీల్ 2002లో బి.బి.సి. రీత్ ఉపన్యాసాలలో, ప్రతి పనికీ లెక్క అడిగే వ్యవస్థ విశ్వాసాన్ని పెంచకపోగా, పని మీద ఉండవలసిన దృష్టిని లెక్క మీదికి మళ్లిస్తుందని హెచ్చరించింది. నేటి విశ్వవిద్యాలయాలలో నివేదికలు నింపేవారికి ఆ మాట వివరించవలసిన అవసరం లేదు. మెకంజీ సహాయకుల నివేదికల విషయంలో మాత్రం చరిత్ర ఒక విచిత్రం చేసింది. కైఫీయత్తు గ్రామం గొంతుతో మాట్లాడుతుంది. సేకరించినవాడు అందులో కనబడడు. పట్టికలో మెకంజీ పేరు కనబడుతుంది. సహాయకుడు తన పేరుతో, తన కష్టంతో, తన చిరాకుతో కనబడేది ఆ పర్యవేక్షణ నివేదికలోనే. అతనిని పూర్తిగా నమ్మి ఏ లెక్కా అడగకుండా ఉంటే, ఈనాడు అతడు ఉన్నాడనే తెలిసేది కాదు.

లెక్క అడగడం నమ్మకానికి విరుద్ధం కాదన్నదానికి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పద్ధతి మరొక సాక్ష్యం. బ్రౌన్ ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్పించి, పాఠభేదాలను నమోదు చేయించాడు. తమకు తోచిన సవరణను నేరుగా మూలంలో కలిపేసే స్వేచ్ఛను పండితులకు ఇవ్వడం ఆ పద్ధతి లక్ష్యం కాదు. పైకి ఇది అపనమ్మకంలా కనిపిస్తుంది. కాని ఆ నిబంధన బ్రౌన్‌కు కూడా వర్తిస్తుంది. తన ఊహను పాఠంగా చెలామణీ చేసే వీలు అతనికీ తగ్గుతుంది. 1851లో వెలువడిన మనుచరిత్ర ముద్రణ జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో వచ్చింది. అయితే 1852 నాటి నిఘంటువు ముఖపత్రం మీద బ్రౌన్ పేరు ఒక్కటే ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే కార్యాలయంలో విశ్వాసం ఎక్కడ పేరుగా మారిందో, ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది.

ఆప్తుడు ఎవరు

మెకంజీ మరణించాక సేకరణ హోరేస్ హేమన్ విల్సన్ చేతికి వచ్చింది. అతడు తయారుచేసిన వివరణాత్మక పట్టిక 1828లో కలకత్తాలో అచ్చయింది. లక్ష్మయ్య మద్రాసులో ఉండి ఆ పనిని కొనసాగించడానికి ప్రయత్నించాడు. హిందూ సాహిత్య సంఘం నెలకొల్పాడు. మెకంజీ సేకరణను పరిశీలించి, మిగిలిన ప్రాంతాలలో సేకరణను ముందుకు తీసుకువెళ్లే బాధ్యతను తనకు అప్పగించమని ప్రభుత్వాన్ని కోరాడు. 1830ల నడుమ ఆ ప్రతిపాదన కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయానికి వచ్చింది. సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. అభిప్రాయం ప్రతికూలంగా వచ్చింది. అతడు సమర్పించిన సంగ్రహాన్ని బట్టి చూసినా, అసలు ఏ స్వదేశీయుడిని తీసుకున్నా, ఇటువంటి పనికి సరితూగడం కష్టమన్నది దాని సారం. పని చివరకు విలియం టేలర్ అనే మతాచార్యుడికి వెళ్లింది.

ఆ తీర్పులో రెండు భాగాలున్నాయి, వాటిని కలిపి చదవడం పొరపాటు. లక్ష్మయ్య సంగ్రహం సరిపోదన్నది మొదటి భాగం. అది యోగ్యతా నిర్ణయం. సరైనది కావచ్చు, కాకపోవచ్చు. విమర్శనాత్మక పట్టిక తయారీ, క్షేత్రసేకరణ నిర్వహణ రెండూ వేర్వేరు నేర్పులు. రెండోదానిలో ఆరితేరినవాడు మొదటిదానిలో బలహీనుడై ఉండవచ్చు. దానిని అంగీకరించడంలో లక్ష్మయ్యకు అవమానం లేదు. ఏ స్వదేశీయుడూ తగడన్నది రెండో భాగం. ఇది మొదటి భాగాన్ని అనవసరం చేస్తుంది. సంగ్రహం ఎంత చక్కగా ఉన్నా ఫలితం ఇదే అయినప్పుడు దానిని చదివిన శ్రమ దేనికి? యోగ్యత ఎంత పెరిగినా నమ్మకం కుదరడానికి వీలులేని చోట, నమ్మకాన్ని చూరగొనమని చెప్పడం పరిహాసమే అవుతుంది. ఇంకొక సంగతి. అదే సంవత్సరాలలో ప్రిన్సెప్ తన శాసనాల పరిశోధనలో కమలాకాంత విద్యాలంకార్ వంటి పండితుల మీద నిత్యం ఆధారపడుతూనే ఉన్నాడు. బేయర్ చేసిన విభజన ఇక్కడ కళ్లకు కట్టినట్లుంటుంది. ఆధారపడడానికి అడ్డురాని జాతి, బాధ్యత అప్పగించవలసిన చోట అడ్డువచ్చింది.

ఈ తీర్పుకు సమాధానం చెప్పే సామగ్రి లక్ష్మయ్య చదువుకున్న సంప్రదాయంలోనే ఉంది. న్యాయశాస్త్రం శబ్దాన్ని ప్రమాణంగా అంగీకరిస్తూ, ఆప్తుడు చెప్పిన మాటే ప్రమాణమని నియమించింది. ఆప్తుడెవరన్న ప్రశ్నకు న్యాయభాష్యకర్త వాత్స్యాయనుడు ఇచ్చిన లక్షణం స్పష్టమైనది. విషయాన్ని తాను సాక్షాత్తుగా ఎరిగి ఉండాలి. ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పాలన్న కోరికతో మాట్లాడాలి. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమని కూడా అతడు చేర్చాడు. పుట్టుకను బట్టి ఒకడిని ఆప్తుల వర్గం నుండి ముందే తొలగించడానికి ఈ లక్షణంలో చోటు లేదు. ఆ సంప్రదాయాన్ని అనుసరించిన సమాజం ఈ సమానతను ఆచరణలో పాటించిందని దీని అర్థం కాదు. కావలి సోదరుల కార్యాలయంలో కూడా ఎవరి మాట వినబడింది, ఎవరిది వినబడలేదు అని అడిగితే కులం జవాబులో ఉంటుంది. కరణం చెప్పిన ఊరి చరిత్ర ఊరందరిదీ కాదు.

ఆప్త లక్షణంలో మరొక లోటు ఉంది. అది మెకంజీ వద్దకే మళ్లీ తీసుకువెళుతుంది. ఆ లక్షణం చెప్పేవాడి గుణాలను నిర్ణయిస్తుంది. ఒకరు ఆప్తుడని ఎరిగినవాడు ఆ ఎరుకతో ఏం చేయాలో చెప్పదు. లక్ష్మయ్య ఆప్తుడని మెకంజీకి తెలుసు. 1811లో జావాకు వెళ్లి సుమారు రెండేళ్లు అక్కడ గడిపినప్పుడు కూడా దక్షిణాదిలో సేకరణ ఆగకపోవడానికి ఆ నమ్మకమే కారణం. కాని ఆ ఎరుక మెకంజీ సొంత ఆస్తిగా ఉండిపోయింది. లేఖల్లో ప్రశంసగా, వ్యక్తిగతమైన ఆదరంగా నిలిచిందే తప్ప ఒక పదవిగా, అధికారంగా, సేకరణ మీద గుర్తించబడిన బాధ్యతగా మారలేదు. అందువల్ల 1821లో అతడు చనిపోయినప్పుడు నమ్మకం కూడా అతనితోనే పోయింది. లక్ష్మయ్య మళ్లీ మొదటి మెట్టు మీద, ఒక సంగ్రహం చేతపట్టుకుని, తనను ఎరుగని కమిటీ ముందు నిలబడవలసి వచ్చింది. అప్పటి కంపెనీ నిబంధనల్లో స్వదేశీయుడికి అటువంటి పదవి కల్పించడం మెకంజీ వల్ల అయ్యేదా అన్న సందేహం న్యాయమైనదే. బహుశా కాదు. అయినా నమ్మినవాడి బాధ్యత అన్నది ఒకటుందని అంగీకరిస్తే, దాని మొదటి అంశం నమ్మబడినవాడి యోగ్యతను తనకు తరువాత వచ్చేవారు కూడా లెక్కలోకి తీసుకునేట్లు చేయడం. దానికి తెలుగులో క్రియ లేకపోవచ్చు, కర్తవ్యం మాత్రం ఉంది. కృతజ్ఞత ఆ పని చేయలేదు. ఫలానావాడు నాకు ఎంతో సహాయం చేశాడు అన్న వాక్యం చెప్పినవాడి ఔదార్యానికి సాక్ష్యమవుతుంది; ఈ నిర్ణయాలు అతడు చేశాడు, అవి సరైనవని తేలాయి అన్న వాక్యం యోగ్యతకు సాక్ష్యమవుతుంది. పరిశోధన గ్రంథాల ముందుమాటల్లో నేటికీ మొదటి రకం వాక్యాలే ఎక్కువ. వేదికలను ఏర్పాటు చేసిన స్థానిక మిత్రులు, ప్రతులు చదివిపెట్టిన పండితులు, పాటలు పాడిన కళాకారులు అక్కడ ధన్యవాదాల వరుసలో కనబడతారు. పాఠం లోపల వారి నిర్ణయాలు మాత్రం రచయిత నిర్ణయాలై ఉంటాయి.

థామస్ హిక్కీ 1816లో చిత్రించిన మెకంజీ రూపచిత్రంలో ఎర్రకోటు తొడిగిన అధికారి చుట్టూ ముగ్గురు భారతీయులున్నారు. తాళపత్రం, దూరదర్శిని వంటి పనిముట్లు వారి చేతుల్లో ఉన్నాయి. వారిలో ఒకరిని లక్ష్మయ్యగా పరిశోధకులు గుర్తించారు. బొర్రయ్య చిత్రంలో లేడు, అప్పటికి 13 ఏళ్ల క్రితమే పోయాడు. అతని కథను రాసి పెట్టే పని చివరకు తమ్ముడు రామస్వామి చేశాడు. 1829లో కలకత్తాలో అచ్చయిన దక్కను కవుల జీవితచరిత్రల సంపుటిలో ఆ అన్నకు కూడా ఒక స్థానం కల్పించాడు. పుస్తకం ఇంగ్లీషులో రాశాడు.